అక్క సంతకం ఉన్న చీటీ

భువనగిరి జిల్లా అయిన మరుసటేడు, చీరలు కొనేవాళ్లం పదకొండు మందిమి ఒక బట్టల దుకాణం ముందు మూడు ఆదివారాలు నిలబడ్డాం. మేమడిగింది ఒకటే. చేనేత అని అమ్మే ప్రతి చీరకూ ఎవరు నేశారో, ఎన్ని రోజులు పట్టిందో రాసిన చీటీ ఉండాలి, కింద నేసినవాళ్ల సంతకం ఉండాలి. ఆ చీటీ నమూనా గీసింది నేనే. సంతకముంటే అబద్ధానికి జాగా ఉండదనుకున్నాను.

రామన్నపేట దగ్గర మా అక్క మగ్గం అప్పటికే కుంటుతోంది. దారానికి అక్కడక్కడ చిటికి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసే చీర ఆమెది; పూలు రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి. అవే పూలు మరమగ్గం గుడ్డ మీద అచ్చువేసి చేనేత అని అమ్ముతున్నారు. చీటీ వస్తే అక్క మగ్గం నిలబడుతుందని నా ఆశ.

నాలుగో ఆదివారం దుకాణం సేటు ఒప్పుకున్నాడు. చాయ్ కూడా తాగించాడు.

రెండు నెలలకు వెళ్లి చూస్తే ప్రతి చీరకూ చీటీ ఉంది. అక్క సంతకం చూసి మురిసిపోయాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఆమెవే నలభై మూడు. మగ్గానికి ఒక పడుగు ఎక్కిస్తే ఏడు చీరలు, అక్కా బావా కలిసి నేస్తే నలభై రోజులు. రెండు నెలల్లో పదకొండు కూడా రావు. ఒక చీర తిప్పి చూశాను. వెనకవైపు పూలు వెలవెలబోయి ఉన్నాయి. అచ్చే.

అటునుంచి అటే అక్క ఇంటికి పోయాను. మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది.

"ఎన్ని చీటీల మీద సంతకం పెట్టినవక్కా?"

"సేటు మనుషులు కట్ట తెచ్చిండ్రు. రెండు వందలుంటయేమో. నీ తీర్గ అన్నీ లెక్కవెట్టుకుంట కూసుంటరా ఎవరన్న?" అక్క నవ్వింది. "మీ తమ్ముడు గీసిన చీటీలే అన్నరు. నీ పని ఆగొద్దని ఒక్క దినంల పెట్టిచ్చిన. చెయ్యి గుంజింది తెల్సా తమ్మీ!"

"ఏం రాయని చీటీల మీదనా?"

"నీ చీటీలైతే నాకేం ఫికర్?"

లోపలి నుంచి బావ అన్నాడు: "చీటీలు తీస్కపోయినోడు చీరలకు మల్ల రాలే. జర అడుగు బామ్మర్దీ."

మర్నాడు దుకాణానికి పోయి అడిగాను. సేటు ఒక అచ్చు చీర చీటీ నా ముందు పెట్టాడు.

"సంతకం మీ అక్కదా, కాదా?"

కాదంటే నేను అబద్ధమాడినట్టు. అవునంటే ఆ అచ్చు చీర అక్క నేసినట్టు.

"ఆమెదే" అన్నాను.

పక్కన చీరలు చూస్తున్న ఒకామె ఆ చీటీ చదువుకుని, చీర కట్టివ్వమంది.