మురళి బైండింగ్‌ను నేను బిగించిన రోజు

స్కీయింగ్‌కు వెళ్ళాలనుకునే మిత్రులు ఏ బైండింగ్ కొనాలని నన్ను అడుగుతుంటారు. నాకు కాస్త తెలుసని వాళ్ళ నమ్మకం. ఎలా తెలిసిందో మాత్రం ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఎనభైల మధ్యలో ఒక మార్చి శనివారం, కొత్త బైండింగ్‌లు కొనుక్కుందామని మేముండే ఫ్రీమాంట్ నుంచి మంచు పడే టాహో కొండలకు బయలుదేరాను. బైండింగ్ అంటే బూటును స్కీకి, అంటే మంచు మీద జారే పొడవాటి పలకకు, పట్టి ఉంచే బిగింపు. మనిషి పడినప్పుడు ఆ బూటును వదిలేయవలసిందీ అదే. అప్పటికి నాకు మూడు సీజన్ల అనుభవం, మంచు దిబ్బల మీంచి ఎగిరి దూకే ఫ్రీస్టైల్ పిచ్చి కొత్తగా పట్టింది. దూకడానికీ, కొండంతా తిరగడానికీ ఒకే జత పనికిరావాలని నా కోరిక.

ఉదయం అయిదింటికి బయలుదేరి, ఆరున్నరకు డేవిస్‌లో ఆగి మా బావమరిది మురళిని ఎక్కించుకున్నాను. వాడు అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. మంచును దగ్గరగా చూడడం అదే మొదటిసారి. మా ఆవిడ సరళ ఇద్దరికీ ఇడ్లీలు కట్టిచ్చి, తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమని రెండుసార్లు చెప్పి పంపింది. ఇంటర్‌స్టేట్ ఎనభై రహదారి మీద కొండ ఎక్కుతుండగా, మంచులో జారకుండా టైర్లకు చైన్లు వేసుకోమని కార్లన్నీ ఆపేశారు. రోడ్డు పక్క పసుపు కోటు వేసుకున్న ఒకాయన పది డాలర్లు తీసుకుని పది నిమిషాల్లో బిగించేశాడు. ట్రకీ ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది.

స్కీ దుకాణంలో నెరిసిన గడ్డం టెక్నీషియన్ మురళి బరువు, ఎత్తు, అనుభవం అడిగి కార్డు మీద రాసుకున్నాడు. అద్దె స్కీల బైండింగ్ మీద బిగువు చూపే సంఖ్యను నాలుగున్నర దగ్గర పెట్టాడు. తర్వాత నా వంతు. దూకి దిగేటప్పుడు ఊడకుండా ఉండేది కావాలన్నాను. ఆయన రెండు రకాలు బల్ల మీద పెట్టి ఓపికగా వివరించాడు. ఫ్రీస్టైల్ వాళ్ళకు మడమ దగ్గరి భాగం కాస్త సాగి, దెబ్బను ఓర్చుకుని, మళ్ళీ సర్దుకోవాలట. కొండంతా తిరిగేవాళ్ళకు కాలు మెలిపడగానే ముందు భాగం పక్కకు వదిలేయాలట. రెండూ చేసేదాన్ని వెతుక్కోవాలే గానీ, ఊడకూడదని స్క్రూ బిగించడం తెలివైన పని కాదన్నాడు. నేను జేబులోంచి నా స్క్రూడ్రైవర్ తీసి చూపించి, ఎప్పుడూ ఎనిమిది మీద పెట్టుకుంటానని గొప్పగా చెప్పాను. కొత్త జత బిగించడానికి గంటకు పైగా పట్టింది.

కొండపైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టికెట్లు చెరో ఇరవై డాలర్ల పైచిలుకు. ఎక్కేటప్పటికే మధ్యాహ్నం కావస్తోంది. మొదటి వాలు మీదే మురళి స్కీ ఊడిపోయింది. నేను పైకి నడిచి వెళ్ళి తొడిగించాను. మళ్ళీ ఊడింది. పక్కనే ఉన్న పెద్ద వాలు మీద కొత్త బైండింగ్‌లతో దూకాలని నా కాళ్ళు ఆగడం లేదు. మూడోసారి ఊడేసరికి విసుగెత్తి స్క్రూడ్రైవర్ తీశాను.

"ఏం చేస్తున్నావు బావా?"

"టైట్ చేస్తున్నా. ఇక ఊడదులే."

"ఆయన సెట్ చేసి ఇచ్చాడు కదా. పర్లేదా?"

"ఆయన అందరికీ లూజ్‌గానే పెడతాడోయ్. నాకు తెలుసు."

వాడు తల ఊపాడు. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు. ఎనిమిదికి తిప్పాను.

వాణ్ణి అక్కడే వదిలి, పెద్ద వాలు మీద అరగంట దూకి తిరిగి వస్తుంటే కింద మురళి కనిపించాడు. వేగంగా కూడా రావడం లేదు. స్కీల కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మెల్లగా పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్ళంతా తిరిగింది, స్కీ మాత్రం కాలిని వదల్లేదు. నేను చేరేసరికి గుప్పిళ్ళనిండా మంచు పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చున్నాడు. గాయపడ్డవాళ్ళను కిందికి దించే స్కీ పాట్రోల్ వాళ్ళు ఇద్దరు మంచు మీద జారే బండి లాక్కుంటూ వచ్చారు. వాళ్ళలో ఒకామె బైండింగ్ మీది సంఖ్య చూసి, దీన్ని ఎవరు మార్చారని అడిగింది.

"నేనే. మాటిమాటికీ ఊడిపోతోందని," అన్నాడు మురళి ఇంగ్లీషులో.

ఆమె నా వైపు చూసింది. నేను మంచు వైపు చూశాను.

మోకాలి కింద ఎముక విరిగిందని ఆసుపత్రిలో చెప్పారు. వాడికి కట్టు వేస్తుండగా అద్దె సామాను తిరిగి ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళాను. టెక్నీషియన్ బూటు అడుగు తిప్పి, అక్కడ గడ్డకట్టిన మంచును గోకి బల్ల మీద పడేశాడు. ఊడింది ఇందువల్లేనన్నాడు. తుడిస్తే సరిపోయేదట. తర్వాత ఎనిమిది మీద ఉన్న సంఖ్య చూసి, మొదటిసారి వచ్చినవాళ్ళు స్క్రూడ్రైవర్ తెచ్చుకోరన్నాడు. తల వంచుకుని బయటికి వచ్చాను.

కాలు నయమయ్యేదాకా మురళి ఫ్రీమాంట్‌లో మా ఇంట్లోనే ఉన్నాడు. అక్కకీ అదే అబద్ధం చెప్పాడు. తెలియని వస్తువుతో ఆటలేమిటని సరళ రోజూ వాడికి చీవాట్లు పెట్టేది. వాడు నవ్వి ఊరుకునేవాడు, నేను కంచంలోకి చూసేవాణ్ణి. మూడు వారాలు అలా గడిచాక, ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక ఆమెకు చెప్పేశాను.

"కాలంటే అతుక్కుంటుందండీ," అంది సరళ. "ఇన్నాళ్ళూ నేను వాణ్ణి తిడుతుంటే, మీరు పక్కన కూర్చుని అన్నం తిన్నారు."

లేచి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఎండాకాలానికి మురళి మామూలుగా నడిచాడు. ఆ సంగతి వాడు ఇప్పటికీ ఎత్తడు, అదే ప్రేమతో బావా అని పిలుస్తాడు. ఒక్కసారైనా దులిపేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. స్క్రూ తిప్పింది తెలియనితనం అనుకోవచ్చు. కొండ మీద ఆ స్కీ పాట్రోల్ ఆమె అడిగినప్పుడు నోరు మూసుకున్నదానికి మాత్రం నాకు ఏ పేరూ దొరకలేదు.

మీరు వెళ్తే ఇవి గుర్తుంచుకోండి. దుకాణంలో మీ బరువు, అనుభవం ఉన్నదున్నట్టు చెప్పండి. స్కీ ఊడితే ముందు బూటు అడుగున మంచు తుడవండి. అప్పటికీ ఊడితే దుకాణానికే తీసుకెళ్ళండి. ఆ సంఖ్యను నాలాంటివాణ్ణి ముట్టుకోనివ్వకండి.