చెవుల్లో చీపురుపుల్లలు

ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నాకు అలవాటు. నమ్మబుద్ధి కాని చోట తొమ్మిది వంతులు తీసేసి చదువుకోండి.

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం ఫలక్‌నుమాలో బస్సెక్కి, కండక్టర్ అడక్కుండానే "మలక్‌పేట, గుర్రప్పందేలకు" అని టికెట్ తీసుకున్నాను. సగం హైదరాబాదు ఆ బస్సులోనే ఉంది. నా ముందు సీట్లో ఒక నడివయసు ఆవిడ, పక్కన ఉలుకూ పలుకూ లేకుండా ఆమె భర్త.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"మలక్‌పేటకు రెండియ్యి. మనసు డాక్టర్ కాడికి," అందామె, చార్మినార్ దాకా వినిపించేలా.

ఆ రోజుల్లో ఆ మాట ఇంట్లో కూడా గుసగుసగానే అనేవారు. బస్సు ఇంజనే నోరు మూసుకుంది. వెనక నుంచి ఎవడో, "పిచ్చి ఎవలికక్కా?" అని ఇకిలించాడు.

"పిచ్చి గాదు భాయ్, మా ఆయనకు మనసు బాగలేదు. ఏడాది దాక నోరు తెరవలే. ఊరంత అడిగి ఈ డాక్టర్‌ను పట్టిన. ఫీజుకు కమ్మలమ్మిన, చూడు!" కొంగు జరిపి చెవులు చూపించింది. కమ్మలుండాల్సిన చోట చీపురుపుల్లలు. "ఆయన మందు పనిచేసింది, నిన్న కూరల ఉప్పు లేదని నా మీద మస్తు లొల్లి చేసిండు, తెల్సా!"

కిరీటం పెట్టుకున్న మహారాణికి కూడా అంత దర్జా ఉండదు.

భర్త కిటికీ వైపు నుంచి తల తిప్పి, "ఇయ్యాల గూడ లేదు," అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది ఆమే.

ఇక నేను కల్పించింది చెప్పేస్తాను. చీపురుపుల్లలు నిజం, ఉప్పు నిజం. గుర్రప్పందేలే అబద్ధం. ఆ రోజు అసలు పందేలు లేవు. ఆమె దిగిన స్టాపులోనే దిగి, ఆమె వెనకే తలెత్తుకుని నడిచి, అదే డాక్టరు గడపెక్కాను.