పది గుండీల తెలివి

పది రూపాయలు పెట్టి నూటపది లాగేద్దామనుకున్న తెలివి జగ్గయ్యపేట మొత్తానికి నాకొక్కడికే ఉంది. మాది టైలరింగ్ సామాన్ల కొట్టు. ఒక బంద్ రోజు నందిగామలో అత్తగారింట్లో బావమరిది మాకు పోకర్ అనే పేకాట నేర్పాడు. మా కొట్టుకని కొని సంచిలో తెచ్చిన గుండీలే పందెం, గుండీ రూపాయి. వాడూ మా ఆవిడా వందేసి తీసుకున్నారు. పోతే పది, వస్తే కుప్పంతా అని నేను పదే తీసుకున్నాను.

మూడు ఆసులు పడగానే పదీ తోసేశాను. ఆదివారం కొట్టు మూయమని ఏళ్లుగా పోరుతున్న మా ఆవిడతో, "ఈ ఆటలో నాకంటే ఎక్కువ గెలువు, ఇక ప్రతి ఆదివారం మూసేస్తా" అన్నాను.

"తమ్ముడూ, విన్నావుగా" అంటూ ఆవిడ పందెం పెంచింది. పోటీపడి ఇద్దరూ తలా యాభై పెట్టారు.

ముక్కలు తిప్పితే నావే పెద్దవి. కుప్పంతా దగ్గరికి లాక్కున్నాను.

"ఆగు బావా, నువ్వు పెట్టింది పదేగా. మా దగ్గర్నుంచీ పదేసే నీకొస్తాయి. ముప్పై తీసుకో. మిగతా ఎనభై మా ఇద్దరి మధ్య పందెం" అన్నాడు బావమరిది. అందులో మా ఆవిడ గెలిచింది.

"ఇదేం అన్యాయంరా?"

"పది రూపాయలిస్తే మీరు లేసు చుట్ట మొత్తం ఇచ్చేస్తారా ఏంటి?" అంది ఆవిడ.

పెట్టుబడి పోను నాకు ఇరవై, ఆవిడకు ముప్పై మిగిలాయి. తేడా పది రూపాయలు. దానికి నేను కడుతున్నది ఏడాదికి యాభై రెండు ఆదివారాలు.