సగం గడ్డంతో సూర్యాపేట బజారులో

మా సూర్యాపేట ఫుట్‌బాల్ జట్టులో నేను డిఫెండర్‌ని. జెర్సీ నంబరు నాలుగు. ఆమధ్య కోదాడ జట్టు చేతిలో ఒక్క గోల్‌ తేడాతో ఓడిపోయాం. మర్నాడు నేనెప్పుడూ వెళ్లే సెలూన్ మూసి ఉండడంతో, బాగా పెరిగిన గడ్డంతో వేరే షాపులో కూర్చున్నాను.

ముఖం నిండా నురగ ఉండడంతో నన్నెవరూ గుర్తుపట్టలేదు. సెలూన్ అతను నా కుడి చెంప గీయడం పూర్తిచేసి, బెంచీ మీదున్న పెద్దాయనతో మ్యాచ్ ముచ్చట మొదలుపెట్టాడు.

“గా నాలుగో నంబరోడు బాల్ ఎదురుంగ వస్తుంటే పక్కకు జరిగి దారిచ్చిండు, కాకా! పెండ్లికొచ్చిన సుట్టమనుకున్నడా?”

“కీపర్ గూడ జర ముంగటికి రావాలె గదరా?”

“పాపం, కీపర్ ఏం జేస్తడు? గా నాలుగో నంబరోడు నాకు దొరకాలె!” అంటూ కత్తి నా గొంతు కింద ఆనించాడు.

కత్తినైనా ఓర్చుకున్నాను గానీ, కీపర్‌ని ‘పాపం’ అనడం ఓర్చుకోలేకపోయాను. కత్తి పైకి లేవగానే అరిచాను.

“కీపర్ ‘వదిలెయ్’ అని ఒర్లితేనే వదిలేసిన!”

పెద్దాయన వంగి నా ముఖంలోకి చూశాడు. “ఓర్నీ, నాలుగో నంబరు గీడనే ఉన్నడురా!”

సెలూన్ అతను కత్తి మడిచాడు. “తప్పు నాదే అను అన్నా, ఇంకో చెంప గూడ గీస్త.”

“తప్పు కీపర్‌దే” అని తువ్వాలుతో నురగ తుడుచుకుని, సగం గడ్డంతోనే బజారంతా నడిచి ఇంటికి వెళ్లాను.

అప్పటి నుంచి మిర్యాలగూడ వెళ్లి గడ్డం గీయించుకుంటున్నాను. మా మ్యాచ్ సంగతి అక్కడెవరికీ తెలియదు. సూర్యాపేటలో ఆ సగం గడ్డం గీసిన సెలూన్‌లో ఈ పత్రిక తెప్పిస్తారని తెలిసే రాస్తున్నాను. కీపర్ ‘వదిలెయ్’ అని అరిచాడు.