నా బరువు నాలుగు మూటలు

గురువారం పొద్దున ఐదున్నరకు హన్మకొండలో మేడారం బస్సు ఎక్కాలని వరంగల్ నుంచి రిక్షాలో బయల్దేరాం. జాతర రోజుల్లో ఐదున్నర అంటే ఏడు అని అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. ఎనభైల మొదట్లో మాట ఇది. బస్సు టాపు మీదికి మా సామాను ఎక్కేసరికి నా బనీను తడిసిపోయింది. సామాను అంటే రెండు బెల్లం మూటలు. రెండూ కలిపి ఎనభై నాలుగు కిలోలు. అంటే, నేను.

మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు. ఎవరి కోసం మొక్కుకుంటే ఆ మనిషిని తూచి, అంత బరువు బంగారం సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు. అంతకుముందు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చి నెలన్నర దవాఖానలో పడి ఉన్నాను. నా భార్య సుశీల అప్పుడు మొక్కుకుంది. మనిషి దక్కితే ఆయన ఎత్తు బంగారం ఇస్తానని, జంపన్న వాగు నుంచి గద్దెల దాకా తానొక్కతే నెత్తిన మోస్తానని, ఇంకొకరి చెయ్యి మూటకు తగలనివ్వనని.

మొక్కిన మనిషి బరువు నలభై మూడు కిలోలు. మాది కిరాణా దుకాణం. బియ్యం బస్తా జరపాలన్నా హమాలీని పిలిచే అలవాటు మాది. ఆమె మొక్కు సంగతి తెలిసిన రోజు నాకు జ్వరం తిరగబెట్టినంత పనైంది.

బాగా ఆలోచించి నేనొక ఉపాయం కనిపెట్టాను. తూకానికి నాలుగు రోజుల ముందు నుంచి అన్నం మానేశాను. దుకాణంలో తిన్నానని ఇంట్లో చెప్పాను, ఇంట్లో తిన్నానని దుకాణంలో చెప్పాను. సోమవారం సుశీలతో బెల్లం కొట్టుకు పోయి చొక్కా, చెప్పులు, గడియారం, తాళంచెవులు అన్నీ విప్పి పక్కన పెట్టి కాంటా ఎక్కాను. ఎనభై ఒకటి తూగింది. సుశీల కాంటా చూడలేదు. లోపలికి పోయిన నా పొట్ట చూసింది.

"అన్నం తిని ఎన్ని దినాలైంది?"

నేను చొక్కా తొడుక్కోబోయాను.

"తల్లికి తూకం తక్కువ పెడ్తరా? దుకాణంల గిరాకీలకు గూడ గిట్లనే పెడ్తాన్రా?"

బెల్లం కొట్టాయన నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. ఆమె నన్ను ఇంటికి తీసుకుపోయి రెండు రోజులు పప్పు, పచ్చిపులుసు, పెరుగు వేసి దగ్గర కూర్చుని తినిపించింది. బుధవారం మళ్లీ తూకం. ఎనభై నాలుగు. నా ఉపాయం ఖరీదు మూడు కిలోలు, అదీ చెల్లలేదు.

బస్సులో కండక్టర్ మూటలకు విడిగా లగేజీ టికెట్టు కొట్టాడు. నాకోసం నేను రెండుసార్లు టికెట్టు కొన్నట్టయింది. ములుగు చేరేసరికి పది దాటింది. టీ తాగి ఎక్కాక సుశీల పక్కన ఎల్లమ్మ అని ఒకావిడ సర్దుకుని కూర్చుంది. హన్మకొండలో ఇండ్లు కట్టేచోట ఇటుక, ఇసుక మోసే కూలి. యాభై దాటి ఉంటాయి. సుశీల కన్నా పొట్టి. ఇద్దరూ పసర ఊరు రాకముందే అక్కాచెల్లెళ్లలా కలిసిపోయారు, మొక్కు సంగతి బయటికొచ్చింది.

"ఎన్ని సార్లకు మోస్తవు బిడ్డా?"

"రెండు మూటలున్నయి. రెండు సార్లకు."

ఎల్లమ్మ సుశీల మెడ మీద చెయ్యి వేసి చూసింది. "నీ బరువంత నీ నెత్తిన పెట్టుకుంటే రెండడుగులేస్తవు, మూడో అడుగుకు పడ్తవు. మా పాత మేస్త్రి అందర్కి ఒక్క తీరు తట్ట నింపేటోడు. నాతోని పనిచేసే మల్లమ్మ నాకన్న జానెడు ఎత్తు. గదే తట్ట ఆమెకు ఆట, నాకు పొద్దూకేసరికి పిక్కలల్ల వణుకు. తట్ట ఒక్కటే గని, మోసే మనిషి ఒక్క తీరుంటదా? ఇప్పటి మేస్త్రి నా తట్ట తక్కువ నింపుతడు. నాలుగు తట్టలు ఎక్కువ తిరుగుత. పని గంతే ఐతది, మనిషి మిగుల్తది."

ఇరవై ఏళ్లుగా హమాలీల చేత బస్తాలు దింపించుకుంటున్నాను. వాళ్లలో పొట్టివాడెవడో పొడుగువాడెవడో చూసి బరువు పంచాలని నాకెన్నడూ తట్టలేదు. బస్తా బస్తాయే అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే సిగ్గేసింది.

ఒంటిగంటకు మేడారంలో దిగాం. బస్సులు, ఎడ్లబండ్లు, పసుపు, దుమ్ము. వెళ్లేవాళ్లు మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటే మేలు. ఒక బండిని మాట్లాడుకుని మూటలను వాగు ఒడ్డుకు చేర్చి, ఆ బండి పక్కనే కొమ్మలు పాతి చీర కట్టి గుడారం వేసుకున్నాం. మాతోనే ఉండిపోయిన ఎల్లమ్మ సాయంత్రం దగ్గరుండి రెండు మూటలను నాలుగు చేయించింది. ఒక్కోటి ఇరవై ఒక్క కిలోలు.

శుక్రవారం ఆరింటికి వాగులో స్నానాలు చేశాం. ఏడింటికి మొదటి మూట. ఇంకొకరి చెయ్యి తగలకూడదు గనక దాన్ని నెత్తిన ఎత్తేదెవరన్న చిక్కు వచ్చింది. ఎల్లమ్మే దారి చెప్పింది. సుశీల మూటను బండి పలక మీద అంచుకు జరుపుకుని, కింద వంగి, తల మీది గుడ్డచుట్ట మీదికి లాక్కుని నిటారుగా నిలబడింది. "మెడ తిప్పకు. చిన్నచిన్న అడుగులెయ్యి" అని ఎల్లమ్మ అరిచింది. తను మిగిలిన మూటల దగ్గర కాపలా కూర్చుంది.

నేను వట్టి చేతులతో సుశీల పక్కన నడిచాను. జనాన్ని తప్పించడమే నా పని. వాగు నుంచి గద్దెలకు మైలుకు తక్కువే గాని ఆ జనంలో అరగంట పట్టింది. రెండో మూటకు నాకు ఆయాసం వచ్చింది. ఇరవై ఒక్క కిలోలు నెత్తిన ఉన్న మనిషి ముందు పోతోంది, ఏమీ లేనివాణ్ని వెనకబడ్డాను. రొప్పుతూ బండి దగ్గరికి తిరిగొచ్చిన నన్ను చూసి ఎల్లమ్మకు నవ్వొచ్చింది. "సేటు, నువ్వు వట్టిగ నడుస్తలేవు. నీ ఎనబై నాలుగు నువ్వు మోస్తనే ఉన్నవు" అంది.

మూడో మూటకు సుశీల మాట్లాడటం మానేసింది. మెడ నరాలు తేలాయి. గద్దె దగ్గర బంగారం దింపినప్పుడు ఆమె చేతులు కాసేపు పైనే ఉండిపోయాయి, కిందికి రాలేదు. ఇక చాలు, తల్లి ఏమీ అనుకోదు అన్నాను. ఆమె నావైపు చూడకుండా వెనక్కి నడిచింది.

నాలుగో మూట ఎత్తుకునేసరికి పదకొండు. కాపలాకు ఇక ఏమీ లేదు గనక ఎల్లమ్మ కూడా మాతో వచ్చింది. సగం దారిలో, ఎండలో, సుశీల మోకాళ్లు వంగిపోయాయి. మూట నెత్తి మీదే ఉంది, రెండు చేతులతో పట్టుకునే ఉంది, కాని కింద కూలబడింది. లేవబోయింది. తొడలు వణికాయి. మళ్లీ లేవబోయింది. మూట కిందపెడితే మళ్లీ ఎత్తడానికి అక్కడ బండి లేదు. నేను చెయ్యి చాపాను.

"ముట్టకుండ్రి!" అని ఆమె అరిచిన అరుపుకు పక్కన పోయేవాళ్లు ఆగారు.

ఆమె కళ్లలో నీళ్లు చూసి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మూడు మూటలు చేర్చిన మనిషి ఈ ఒక్కదాని దగ్గర ఓడిపోతే జన్మంతా కుమిలిపోతుంది, నాకు తెలుసు.

"మూట ముట్టద్దన్నది గని, మనిషిని పట్టుకోనని మొక్కిందా?" అంది ఎల్లమ్మ. "సేటు, ఆమె ముంగట కూసో. గట్టిగ కూసో, కదలకు."

నేను ఆమె ఎదుట ఇసుకలో మోకాళ్లు ఆనించి కూర్చున్నాను. సుశీల ఒక చెయ్యి మూట మీద ఉంచి, రెండోది నా భుజం మీద వేసింది. వేసి, బలమంతా దాని మీద పెట్టి లేచింది. నేను బక్కవాణ్నయి ఉంటే ఇద్దరం దొర్లేవాళ్లం. నా ఒళ్లు ఆ రోజు పనికొచ్చింది ఆ ఒక్క నిమిషమే. కదలకపోవడమే నేను చేసిన కష్టం. పన్నెండు కొట్టకముందే నాలుగో మూట గద్దె చేరింది.

శనివారం ఎనిమిదింటికి తిరుగు బస్సు దొరికింది. ఎల్లమ్మ ఇంకో రోజు ఉంటానని ఆగిపోయింది. సుశీల మెడ తిప్పలేకపోతోంది. నాతో మాట్లాడాలంటే మొత్తం మనిషే తిరగాల్సి వస్తోంది. తాడ్వాయి అడవి దాటుతుండగా అడిగాను.

"ఎందుకు గంత పెద్ద మొక్కు మొక్కినవు? నీ బరువంత ఇస్తనంటే సరిపోతుండె గద."

ఆమె సీటులో నావైపు తిరిగి కూర్చుంది.

"దవాఖానల ఒక దినం నర్సు రాలే. పక్క బట్ట మార్చాలె. మిమ్ముల నేనొక్కదాన్నే లేపిన. చేతులు పెట్టంగనే లేసిండ్రు, జర గూడ కష్టం గాలే. ఇన్నేండ్లల్ల ఎన్నడన్న లేపిన్నా నేను మిమ్ముల? గంత సులువుగ లేసిండ్రని భయమైంది నాకు. అప్పుడే మొక్కిన. తల్లీ, ఈ మనిషిని నేను మొయ్యలేనంత బరువు చేసి ఇయ్యి అని."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. నిండు బస్సులో, ఎనభై నాలుగు కిలోల మనిషిని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏమైందక్కా, ఆయనకు పానం మంచిగ లేదా?" అని అడిగాడు.

సుశీల మెడతో పాటు మొత్తం మనిషీ అతనివైపు తిరిగింది.

"ఏం గాలేదన్నా" అంది. "మంచిగయిండ్రు."