ఇంట్లోకి వచ్చిన టెంట్ హౌస్

అల్మాస్‌గూడలో మా ఇంటి ఓనరు జనార్ధన్‌కి మనుషులంటే పిచ్చి. ఒక్కడే కూర్చుని టీ తాగమంటే కషాయం తాగమన్నట్టు మొహం పెడతాడు. వాళ్ళ నాన్న దున్నిన పొలంలో ఇప్పుడు కాలనీలు లేచాయి. అన్నదమ్ములంతా ప్లాట్ల వ్యాపారంలోకి దిగి తెల్ల చొక్కాలు, పెద్ద కార్లు సంపాదించుకుంటే, ఈయన తన వాటా పెట్టి కుర్చీలు, షామియానాలు, వంట డేగిసాలు కొని టెంట్ హౌస్ తెరిచాడు. ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను.

"ప్లాటు కొన్నోడు మల్ల మొకం జూపిస్తడా సార్? గదే టెంటేస్తే పెండ్లికి పిలుస్తరు, బువ్వ పెడ్తరు. మంది కనవడ్తరు" అన్నాడు.

నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. జీవితమంతా ఒక గదిలో రెండొందల మందిని చూశాను. మంది కనబడితే నాకు తలనొప్పి. అందుకని ఆ జవాబు నా బుర్రకెక్కలేదు.

నేనూ మా ఆవిడ ఇందిరాదేవీ పై వాటాలో అద్దెకుంటాం. కింద జనార్ధన్, ఆయన భార్య మణెమ్మ. ఒక్కగానొక్క కూతురు ప్రవీణ పెళ్ళయి కర్మన్‌ఘాట్‌లో ఉంటుంది. మణెమ్మ గొంతు లేచిందంటే వీధి చివర కూరగాయల బండివాడు తనంతట తనే రేటు తగ్గిస్తాడు. రోజూ పొద్దున్నే మొగుణ్ణి తిట్టడంతో ఆమె దినచర్య మొదలయ్యేది. నేను అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. జనార్ధన్ ఆ తిట్లు వింటూ హాయిగా పళ్ళు తోముకునేవాడు.

అంతలో కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, పందిళ్ళు లేవు, అయ్యప్ప పూజలు లేవు. సామాను పెట్టుకున్న గోదాము కిరాయి కట్టలేక జనార్ధన్ సామానంతా ఇంటికి తెచ్చాడు. "పదిహేను దినాలే" అని మణెమ్మకు చెప్పాడు. అందరం అప్పట్లో పదిహేను రోజులే అనుకున్నాం లెండి, ఆయన్నని ఏం లాభం.

కుర్చీలు ముందు హాల్లోకి వచ్చాయి, తర్వాత పడగ్గదిలోకి, ఆ తర్వాత బాత్రూం గుమ్మం దాకా. స్నానానికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి వెళ్ళాలి. జనార్ధన్ పొట్టకది చిన్న విషయం కాదు. పరుపుల గుట్ట మీదికెక్కితే తప్ప టీవీ కనపడదు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ సింహాసనాలు రెండూ వంటింటి పక్కన పడ్డాయి. పెళ్ళికూతురి సింహాసనంలో కూర్చుని మణెమ్మ బెండకాయలు తరిగేది. పెళ్ళికొడుకు దాంట్లో లుంగీ కట్టుకుని జనార్ధన్ పేపరు చదివేవాడు. చేతిలో పని లేక ఆయన ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. ఎర్ర రంగు డబ్బా తెచ్చి, టెంట్ హౌస్ సామాను మీద వేసే జె.టి.హెచ్. గుర్తుని కనపడ్డ ప్రతి దాని మీదా వేశాడు. కుర్చీల మీద పాత గుర్తులకి మెరుగు పెట్టాడు, అవి అయిపోయాక ఫ్రిజ్ మీద వేశాడు, బీరువా మీద వేశాడు, ఇంట్లో రోజూ వాడుకునే నీళ్ళ బిందె మీదా వేశాడు. పాపం, చెయ్యి ఊరుకోలేదు.

మొదటి ఏడాదంతా మణెమ్మ తిట్టింది. రెండో ఏడాది ఒక రోజు, బిర్యానీ వండే డేగిసా ఒకటి దేవుడి అల్మారాకి అడ్డంగా వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆమె గొంతు పెంచలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"ఇంట్ల నీ దుకాణం సామాను ఒక్కటి గూడ లేని దినం నీతోని మాట్లాడ్త. అప్పటిదాక నీకు నాకు మాటల్లెవ్."

అన్నట్టే మానేసింది. రెండు రోజులు జనార్ధన్ సుఖపడ్డాడు. మూడో రోజు మెట్లెక్కి పైకొచ్చి, "సార్, జర మీరన్న తిట్టుండ్రి" అన్నాడు.

అప్పట్నుంచి నాకో కొత్త ఉద్యోగం వచ్చింది. వాళ్ళిద్దరూ ఎదురెదురు సింహాసనాల్లో కూర్చుని ఉంటారు. మధ్యలో నేను. "సార్, బిల్డింగ్ వాటర్ టాంక్ కడగాలని మీ దోస్తుకు చెప్పుండ్రి" అంటుంది ఆమె. "రేపు కడుగుత అని చెప్పుండ్రి సార్" అంటాడు ఆయన. నేను పెదవి కదపకుండానే సమాచారం చేరిపోతుంది, అయినా నేను అక్కడ ఉండి తీరాలి. ఇందిరాదేవికి ఇది మహా సరదాగా ఉండేది. "మీరు మాట్లాడకుండా చేసే ఉద్యోగం ఇదొక్కటేనండీ, బాగా చేస్తున్నారు" అనేది.

నాకైతే సరదాగా లేదు. జనార్ధన్ చిక్కిపోయాడు. మంది లేక ఒకటి, ఇంట్లో మాట లేక ఒకటి. సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి, దారిన పోయే డెలివరీ కుర్రాళ్ళని ఆపి క్షేమసమాచారాలు అడిగేవాడు. చూస్తే జాలేసేది.

రెండువేల ఇరవై రెండు వేసవి వచ్చింది. మాస్కులు గడ్డం కిందికి జారి, ఆ తర్వాత జేబుల్లోకి పోయాయి. కాలనీలో శ్రీరామనవమికి మళ్ళీ పందిరి వెయ్యాలని కమిటీ తీర్మానించింది. అధ్యక్షుడు వెంకటేశ్వరరావుగారు మా తెనాలి వైపు మనిషి, ఏ పనైనా పద్ధతిగా ఉండాలంటారు. కల్యాణం పీటల మీద కూర్చునే దంపతుల్ని మా కాలనీలో ఏటా చీటీ తీసి నిర్ణయిస్తారు. కరోనా వచ్చిన ఏడాది చీటీలో జనార్ధన్, మణెమ్మల పేరు వచ్చింది. అప్పుడు గుడి తలుపులేసుకుని పూజారిగారొక్కరే కల్యాణం చేశారు. ఆ మరుసటేడూ అంతే.

"పాత చీటీయే చెల్లుతుందండీ. ఈసారి మీ దంపతులే కూర్చోవాలి" అని రావుగారు వచ్చి చెప్పి వెళ్ళారు.

జనార్ధన్ కాళ్ళు నేల మీద ఆనలేదు. కాస్సేపటికి మొహం వాడిపోయింది. "ఆమె పలుకకుంట పక్కన కూసుంటే గది పెండ్లెట్ల అయితది సార్? ఫోటో అయితది" అన్నాడు. నేను రాయబారానికి కిందికి దిగాను. మణెమ్మ మెంతికూర ఒలుస్తోంది.

"కూసుంట సార్. దేవుని పని గద" అంది. "గానీ మాట మాటే. ఇల్లు ఖాళీ అయితేనే మాట్లాడ్త. ఒక్క ముక్క గూడ ఉండొద్దని చెప్పుండ్రి."

జనార్ధన్ నా వెనకే నిలబడి ఉన్నాడు కాబట్టి చెప్పే శ్రమ నాకు లేదు.

ఇక చూడాలి ఆయన హడావుడి. రెండేళ్ళుగా పందిళ్ళు లేక మొహం వాచి ఉన్న జనం, ఎల్బీనగర్ నుంచి బాలాపూర్ దాకా ప్రతి సందులోనూ రాముడి పెళ్ళి తలపెట్టారు. అడిగిన వాళ్ళందరికీ ఈయన సరేనన్నాడు. వంద కుర్చీలు చాలన్న వాళ్ళకి రెండొందలు అంటగట్టాడు. నవమికి ముందురోజు తను ఎల్బీనగర్ పందిట్లో గుంజలు పాతిస్తూ, ఇంటి దగ్గరున్న హమాలీలకి ఫోన్ చేసి చెప్పాడు. "ఇంట్ల ఉన్నదంతా ఎక్కియ్యుండ్రి. చెంచా గూడ మిగలొద్దు."

హమాలీలు చెప్పిన మాట వినే మనుషులు. దేని మీద చూసినా జె.టి.హెచ్. అనే ఉంది. ఏది దుకాణందో, ఏది ఇంటిదో వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది? మణెమ్మ కూతురింటికి పోయింది. మేం మధ్యాహ్నం కునుకు తీస్తున్నాం. లారీ నిండింది, పోయింది.

సాయంత్రం మణెమ్మ తిరిగొచ్చి తలుపు తీసింది. కాసేపటికి నెమ్మదిగా మెట్లెక్కి పైకొచ్చి, మా సోఫాలో కూర్చుని, "అక్కా, నా ఇల్లేది?" అంది.

మేం కిందికి పోయి చూశాం. గోడలున్నాయి. గోడకి క్యాలెండరుంది. దేవుడి పటాలున్నాయి, వాటికి రంగు వెయ్యడానికి జనార్ధన్‌కి భయమేసినట్టుంది. అంతే. ఫ్రిజ్ బాలాపూర్ పందిట్లో మజ్జిగ చల్లబరుస్తోందని ఫోన్లో తేలింది. బీరువా ఎక్కడుందో జనార్ధన్‌కే తెలియదు, వెతికిస్తున్నానని నాతో అన్నాడు. మణెమ్మ పట్టుచీరలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రాత్రి ఆమె మా ఇంట్లో పడుకుంది. పొద్దున్నే మా ఆవిడ ఇచ్చిన ఉప్పాడ చీర కట్టుకుని కల్యాణానికి బయల్దేరింది. మూతి బిగించే ఉంది. ఇంత ఘోరం చేశాక ఇక ఈ జన్మలో మాట్లాడదని నాకు ఖాయమైపోయింది.

పందిట్లోకి అడుగు పెట్టాక నాకు తలనొప్పి రాలేదు. ఇన్ని మొహాలు, అన్నీ మూతీ ముక్కూతో సహా కనపడి ఎన్నాళ్ళయిందో! ఒకరి చేతులొకరు పట్టుకుని వదలడం లేదు జనం. పానకం డ్రమ్ము దగ్గర మాత్రం నా కాళ్ళు ఆగిపోయాయి. ఏటా అక్కడ భానుమూర్తిగారు నిలబడి, వద్దన్నా వినకుండా రెండో గ్లాసు చేతిలో పెట్టేవారు. సెకండ్ వేవ్‌లో పోయారు. ఇప్పుడు ఆయన భార్య సూర్యప్రభగారు ఆ చోట నిలబడి ఉన్నారు. నాకొక గ్లాసిచ్చి, తాగేదాకా ఆగి, ఇంకో గ్లాసిచ్చారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, నా చుట్టూ ఉన్నవాళ్ళూ దాచుకోవడం లేదు.

వేదిక మీద పూజారిగారు దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టి కొంగులు ముడేశారు. మణెమ్మ ఎటో చూస్తోంది. జనార్ధన్ ఆమె వైపు చూస్తూ చెమటలు కక్కుతున్నాడు. సంకల్పం అందరికీ వినపడాలని పూజారిగారు మైకు జనార్ధన్ మూతి దగ్గర పెట్టించి, "మీ కుడిచేతిని అమ్మగారు తాకాలి. గోత్రం, పేర్లు చెప్పండి" అన్నారు.

మణెమ్మ చెయ్యి చాపింది. అప్పుడే ఆమె కళ్ళు ఎదురుగా సీతారాముల విగ్రహాల కిందికి పోయాయి. పట్టుగుడ్డ కింద నుంచి నగిషీ టేకు కోళ్ళు నాలుగు కనపడుతున్నాయి. ఒక కోడు మీద ఎర్రగా జె.టి.హెచ్.

ఆమె మొగుడి చెవి దగ్గరికి వంగింది. రహస్యంగానే చెప్పాననుకుంది. మణెమ్మ రహస్యం, అందులోనూ మైకు.

"గిది మా అమ్మ పెట్టిన మంచం గాదా?"

పందిట్లో తలలన్నీ వేదిక వైపు తిరిగాయి. జనార్ధన్ నోరు తెరిచాడు. గోత్రం మర్చిపోయాడు. "మల్ల చెప్పు" అన్నాడు.

"మల్ల చెప్పేదేంది? చెవులు గూడ కిరాయికిచ్చినవా?"

"ఇంకోపాలి చెప్పవే" అన్నాడు. చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు.

"మంచం దేవునికిచ్చినవ్. మరి మనం ఏడ పండుకుంటమయ్యా?"

"ఇల్లంతా ఖాళీనే గద మణెమ్మా. నీకు ఏడ మనసైతే ఆడ!"

సందు చివరి స్పీకర్లోంచి కూడా వినపడింది. జనం పగలబడి నవ్వారు. పద్ధతి మనిషి వెంకటేశ్వరరావుగారు కుర్చీ పట్టుకుని వంగిపోయారు. మణెమ్మ నాలుక కరుచుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, కానీ ఆ కొంగు జనార్ధన్ ఉత్తరీయానికి ముడేసి ఉండటంతో ఆయన కూడా వచ్చి ఆమె మీద పడ్డాడు. "ముహూర్తం, ముహూర్తం" అని పూజారిగారు మొత్తుకుంటే గానీ సీతమ్మ పెళ్ళి మళ్ళీ మొదలవలేదు.

తలంబ్రాలయ్యాక జనార్ధన్ హమాలీల్ని కేకేసి, అన్నింటికంటే ముందు మంచం ఇంటికి చేర్చమన్నాడు. మణెమ్మ అడ్డం నిలబడింది.

"ఇప్పుడే పెండ్లి జేసి ఇప్పుడే మంచం గుంజుకపోతరా? కొత్త జంట. ఇయ్యాలటికి ఉండనియ్యుండ్రి" అంది.

టెంట్ హౌస్ సామాను మళ్ళీ ఇంటికి రాలేదు. పందిళ్ళలోంచి నేరుగా బాటసింగారం పెళ్ళికి పోయింది, అక్కడ్నుంచి ఇంకో పెళ్ళికి. నవమి సాయంత్రం మేం టీవీ చూస్తుంటే కింద మణెమ్మ అందుకుంది. ఫ్రిజ్, బీరువా, రంగు డబ్బా, గోదాము, డేగిసా, దేవుడి అల్మారా, రెండేళ్ళదీ వరసబెట్టి తిడుతోంది. మధ్య మధ్య జనార్ధన్ "అవ్, అవ్" అంటున్నాడు. ఇందిరాదేవి టీవీ కట్టేసింది. ఖాళీ ఇల్లు కదా, ఒక్కో మాట రెండేసిసార్లు వినపడుతోంది.