నాకు తగిలిన లక్కీ డ్రా

మల్కాజ్‌గిరిలోని మా అపార్ట్‌మెంట్‌కి ప్రెసిడెంటుగా ఉండడానికి పోయినేడాది ఒక్కరూ ముందుకు రాలేదు. చీటీలు వేద్దామన్నది నేనే. లక్కీ డ్రాలో కనీసం దువ్వెన కూడా తగలని జాతకం నాది. ఆ ధీమాతోనే, "ఎవరి పేరొస్తే వాళ్లే చేయాలి. తప్పించుకునే ఛాన్స్ లేదు" అని గట్టిగా షరతు పెట్టాను.

చీటీ తీయమని స్టీలు గిన్నె మా ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ ఒకటి తీసి, చదివి, నావైపు జాలిగా చూసింది.

"మీకే తగిలిందండీ!"

సెల్లారంతా చప్పట్లు. పక్క ఫ్లాటు యాదగిరి గారు నా చేయి పట్టుకుని ఊపేస్తూ, "ఛాన్స్ కొట్టిండ్రు సార్! జెర ఆ మోటర్ సంగతి చూడున్రి, పొద్దుగాల్నుంచి నీళ్లొస్తలేవు" అన్నారు.

ఏడాదంతా మోటారు, లిఫ్టు, డ్రైనేజీలతోనే గడిచింది. మొన్న గడువు తీరగానే ఆ గిన్నె నేనే మీటింగుకి పట్టుకెళ్లాను. యాదగిరి గారు దాన్ని మెల్లగా పక్కకు జరిపారు.

"చీటీలెందుకు సార్? మంచిగ చేస్తున్నరు. ఇంకో ఛాన్స్ సుత మీకే ఇస్తున్నం."

మళ్లీ చప్పట్లు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నన్ను పలకరించని అదృష్టం, ఒకసారి పలకరించాక ఇక వదిలే ఛాన్సే కనిపించడం లేదు.